టెక్ సందేహాలు: వేట ఆగిన రెండు నెలలూ బోటు ఇంజన్‌ను ఏం చేయాలి?

ఈ శీర్షికకు మామూలుగా ఫోన్ల గురించి, ల్యాప్‌టాప్‌ల గురించి ప్రశ్నలు వస్తాయి. ఈసారి తీరం నుంచి బోటు ఇంజన్ల ప్రశ్నలు వచ్చిపడ్డాయి. కారణం తెలిసిందే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. బోటు వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజన్ ఇంటికి చేరేది అప్పుడే, మూలన పడి పాడయ్యేదీ అప్పుడే. కాబట్టి ఈ వారం ఫోన్లకు సెలవు.

ప్రశ్న (ఉప్పాడ నుంచి): ఫైబర్ బోటుకు 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజన్ ఉంది సార్. నిషేధం ముందు రోజు దాకా బాగానే నడిచింది. జూన్‌లో తీస్తే తాడు లాగి లాగి భుజం పట్టేసింది కానీ స్టార్ట్ కాలేదు. మెకానిక్ కార్బొరేటర్ విప్పి కడిగి ఇచ్చాడు. ఏటా ఇదే తంతు. తప్పించుకునే దారి ఉందా?

జవాబు: ఉంది. ఇంజన్‌లో లోపం లేదు, అందులో మిగిలిపోయిన పెట్రోల్‌తోనే వచ్చింది తంటా. పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బొరేటర్ కింద చిన్న గిన్నెలాంటి భాగంలో పెట్రోల్ నిలిచి ఉంటుంది. రెండు నెలల్లో పెట్రోల్ ఆవిరైపోయి, టూ స్ట్రోక్ కోసం అందులో కలిపిన ఆయిల్, జిగురు మిగిలిపోతాయి. పెట్రోల్ బయటికి వచ్చే జెట్ రంధ్రం వెంట్రుక దూరేంత ఉంటుంది. జిగురు పేరుకుంటే అది మూసుకుపోతుంది. ఆ తర్వాత ఎవరు ఎంత లాగినా ఉపయోగం లేదు.

ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. 2025 నాటికి మన బంకుల్లో మామూలు పెట్రోల్ అంటే 20 శాతం దాకా ఇథనాల్ కలిసినదే. చాలా అవుట్‌బోర్డ్ కంపెనీలు మాన్యువల్‌లో 10 శాతం దాటొద్దని రాస్తాయి. బంకులో వేరే రకం దొరకనప్పుడు ఆ మాట చదువుకుని చేసేదేమీ లేదు. మన చేతిలో ఉన్నది పెట్రోల్ నిల్వ పెట్టకపోవడమే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్కన తేమకు కొదవ లేదు కదా. ఒక హద్దు దాటాక నీరు, ఇథనాల్ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. పెట్రోల్ పీల్చే గొట్టం ఉండేదీ అడుగునే. మీరు కలిపిన ఆయిల్ మాత్రం పైన పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. అంటే ఇంజన్‌లోకి ఆయిల్ లేని ద్రవం వెళుతుంది. టూ స్ట్రోక్‌కు ఇంతకంటే ప్రమాదం లేదు, పిస్టన్ పట్టేస్తుంది.

అనుమానం ఉంటే ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి, అరగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ పెట్రోల్ పనికిరాదు. కొత్త పెట్రోల్ కలిపి ఊపితే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంజన్‌ను ఇంటికి తెచ్చిన రోజే ఈ పని పెట్టుకోండి. పెద్ద నీలం డ్రమ్మును సగానికి కోసి, మంచినీళ్లు నింపి, ఇంజన్ కాలు అందులో దించండి. ప్రొపెల్లర్ పైన ఉండే వెడల్పాటి రేకు మునిగేదాకా నీళ్లుండాలి. గేరు న్యూట్రల్‌లో, స్లోలో పది పదిహేను నిమిషాలు తిప్పితే లోపలి ఉప్పు కడుక్కుపోతుంది. పొగ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి. ఆ చివర్లో పెట్రోల్ పైపు పీకేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా వదిలేయండి. ఈ సమయంలో రేస్ ఇవ్వొద్దు. అంతటితో కార్బొరేటర్ ఖాళీ అయిందనుకోకండి, అడుగున కొంత ఉంటుంది. గిన్నె కింద డ్రెయిన్ స్క్రూ ఉంటే విప్పి ఆ కాస్తా కార్చేయండి. దగ్గర్లో బీడీ, పొయ్యి లాంటివి వద్దని వేరే చెప్పాలా!

తర్వాత ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు టూ స్ట్రోక్ ఆయిల్ పోసి, ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్ క్లిప్ తీసేసి, తాడు నాలుగైదు సార్లు మెల్లగా లాగండి. లోపల గోడలకు ఆయిల్ పట్టి తుప్పు రాదు. ప్లగ్గులు తిరిగి బిగించి ఇంజన్‌ను నిలువుగా నిలబెట్టండి. పడుకోబెట్టక తప్పకపోతే ప్రొపెల్లర్ వైపు ఎత్తుగా ఉండకూడదు. కాలులో మిగిలిన నీళ్లు సిలిండర్‌లోకి జారతాయి. కిరోసిన్‌తో నడిచే మోడల్ అయితే ఆపే ముందు కొద్ది నిమిషాలు పెట్రోల్ మీద నడిపి, అప్పుడు ఆపండి.

ప్రశ్న (మచిలీపట్నం): ఇంజన్ వెనక నుంచి సన్నగా నీళ్ల ధార వస్తుంది కదా, అది ఈ మధ్య ఆగి ఆగి వస్తోంది. తీగ పెట్టి పొడిస్తే కాసేపు బాగుంటుంది. ఇలా నడపొచ్చా?

జవాబు: వద్దు. ఆ ధార ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల పంపు పనిచేస్తోందని చెప్పే గుర్తు. అది ఆగితే ముందు ఇంజన్ ఆపాలి, తర్వాతే ఆలోచించాలి. తీగతో పొడవడం తప్పేం కాదు. ఉప్పు పేరుకున్నా, ఇంజన్ ఖాళీగా ఉన్నప్పుడు కందిరీగ మట్టిగూడు కట్టినా ధార రంధ్రం మూసుకుపోతుంది. కానీ పొడిచిన కాసేపటికే మళ్లీ తగ్గుతోందంటే అనుమానం పంపు మీదికి పోవాలి.

పంపు లోపల ఇంపెల్లర్ అనే రబ్బరు చక్రం ఉంటుంది. ఇసుక నీళ్లలో దాని రెక్కలు అరుగుతాయి. నెలల తరబడి కదలకుండా ఉంటే వంగిన రెక్కలు అలాగే బిగుసుకుపోతాయి. నీళ్లు లేకుండా "ఒక్కసారి స్టార్ట్ అవుతుందో లేదో చూద్దాం" అని తాడు లాగి నడిపితే కొన్ని సెకన్లలోనే కాలిపోవడం మొదలవుతుంది. మన తీరంలో ఇంపెల్లర్లు ఎక్కువగా చచ్చేది ఈ చూద్దాంతోనే అని నా అభిప్రాయం. ఇసుక తీరం నుంచి బోటు దించేవాళ్లు ఏటా మార్చేయడం మంచిది. ఇంజన్ ఖరీదు ముందు దాని ధర లెక్కలోకి రాదు.

మార్చడం ఇంట్లో చేసుకోదగ్గ పనే. కిల్ స్విచ్ క్లిప్ తీసి, ప్లగ్గుల వైర్లు ఊడదీసి పని మొదలుపెట్టండి. కింది గేరు భాగాన్ని పట్టి ఉంచే బోల్టులు విప్పితే అది కిందికి జారుతుంది. కొన్ని మోడళ్లలో గేరు రాడ్డును ముందుగా విడదీయాలి. బలవంతంగా లాగితే వంగుతుంది. కాబట్టి విప్పే ముందు ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి (చూశారా, ఫోన్ వచ్చేసింది). పంపు మూత తీశాక రెక్కల్లో ఏదైనా విరిగి ఉంటే ఆ ముక్క దొరికేదాకా వెతకాలి. అది పైకి కొట్టుకుపోయి నీళ్ల దారిలో ఇరుక్కుంటే కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజన్ వేడెక్కుతూనే ఉంటుంది. ఇంపెల్లర్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న కీ ఇసుకలో పడితే దొరకదు. కింద గుడ్డ పరుచుకోండి. తిరిగి ఎక్కించేటప్పుడు షాఫ్టును అది మామూలుగా తిరిగే దిశలోనే తిప్పుతూ పంపు మూత దించాలి, అప్పుడు రెక్కలు వెనక్కి వాలతాయి. నీళ్ల గొట్టం తన రబ్బరులో సరిగ్గా కూర్చుందో లేదో చూసి బోల్టులు బిగించండి.

పంపు బాగున్నా వేడి తగ్గకపోతే, ఇంజన్ వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్ ఉప్పుతో బిగుసుకుని ఉండొచ్చు. దాన్ని తీసి వేడినీళ్ల గిన్నెలో వేస్తే తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే మార్చండి. అసలు తీసేసి నడిపేవాళ్లున్నారు. అప్పుడు ఇంజన్ చల్లగానే నడిచి కార్బన్ పట్టేస్తుంది.

ప్రశ్న (నిజాంపట్నం): బంకులో బైకుల టూటీ ఆయిల్ చవక. అదే వాడుతూ, భద్రం కోసం కొంచెం ఎక్కువ కలుపుతున్నాం. ఫర్వాలేదా?

జవాబు: రెండూ మానేయండి. బైకు ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్‌కు తయారైంది, అందులో బూడిద మిగిల్చే పదార్థాలు ఉంటాయి. నీళ్లతో చల్లబడే అవుట్‌బోర్డ్‌లో ఆ బూడిద పిస్టన్ మీద, ప్లగ్గుల మీద పేరుకుంటుంది. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నదే కొనండి. చాలా ఇంజన్లకు 50:1 పాళ్లు, అంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్లు, పది లీటర్లకు 200. కొత్త ఇంజన్‌కు మొదటి కొన్ని గంటలు రెట్టింపు కలపమంటారు, మాన్యువల్ చూడండి. మామూలు రోజుల్లో ఎక్కువ కలిపితే మిగిలేది పొగ, మసి పట్టిన ప్లగ్గులే.

ప్రశ్న (కొల్లేరు): గేర్ ఆయిల్ మార్చుదామని స్క్రూ విప్పితే పాలు కలిపిన టీ రంగులో వచ్చింది. మాది మంచినీళ్లే కదా, ఉప్పు లేదు కదా అని వదిలేయొచ్చా?

జవాబు: మంచినీళ్లయినా గేర్లకు శత్రువే. ఆ రంగు అంటే నీళ్లు లోపలికి పోతున్నాయి. ప్రొపెల్లర్ విప్పి, వెనక షాఫ్టు చుట్టూ చూడండి. వల దారమో గాలం దారమో చుట్టుకుని ఉండటానికి అవకాశం చాలా ఎక్కువ. నైలాన్ దారం తిరిగి తిరిగి, నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలును కోసేస్తుంది. దారం తీసేయడం మీ పని, సీలు మార్చడం మెకానిక్ పని. దానికి ప్రత్యేక పనిముట్లు, గాలి ఒత్తిడితో పరీక్ష కావాలి.

సీలు మారాక కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచి నింపాలి. పైన స్క్రూ తీసి ఉంచి, కింద నుంచి పంపుతూ పోతే పై రంధ్రంలోంచి గాలి బుడగలు లేకుండా ఆయిల్ బయటకు వస్తుంది. అప్పుడు ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ బిగించాలి. పై నుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుని ఆయిల్ తక్కువ పడుతుంది. స్క్రూల వాషర్లు కొత్తవి వేయండి. ఏటా ఒకసారి, లేదా ప్రతి 100 గంటలకు మార్చాలి.

మీరు అడగలేదు కానీ చెబుతున్నా. చిన్న ఇంజన్లలో ప్రొపెల్లర్‌కు షియర్ పిన్ ఉంటుంది. రాయి తగిలితే తాను విరిగి గేర్లను కాపాడటం దాని ఉద్యోగం. అది విరిగినప్పుడు మేకు కోసి దూర్చేవాళ్లను ప్రతి రేవులో చూడొచ్చు. అసలు పిన్‌లు రెండు అదనంగా బోటులో పెట్టుకుంటే సరిపోయేదానికి గేర్‌బాక్సును పందెం కాయడం ఎందుకు?

ఇంజన్ కాలుకు అతికించిన తెల్లటి లోహపు ముక్కల గురించి కూడా. అవి ఇంజన్‌కు బదులుగా తాము తినబడే ఆనోడ్‌లు. సగం అరిగాక మార్చండి, వాటికి రంగు మాత్రం వేయకండి. ఉప్పునీటికి జింకు లేదా అల్యూమినియం, మీలాంటి మంచినీటి వాళ్లకు మెగ్నీషియం.

ప్రశ్న (డాలస్ నుంచి): ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్. చేపల కోసం సరస్సులో గంటల తరబడి స్లోలో నడుపుతాను. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గకపోగా పెరుగుతోంది!

జవాబు: ఆయిల్ పుట్టడం లేదు, అందులోకి పెట్రోల్ దిగుతోంది. చల్లటి ఇంజన్ ఎక్కువసేపు స్లోలో నడిస్తే కాలని పెట్రోల్ పిస్టన్ దాటి కిందికి జారుతుంది. వాసన చూస్తే తెలిసిపోతుంది. ఆయిల్ మార్చి, థర్మోస్టాట్ చూసుకుని, వెళ్లిన ప్రతిసారీ కాసేపు వేగంగా కూడా నడపండి. కారు ఆయిల్ కాకుండా ఎఫ్‌సీ-డబ్ల్యూ గుర్తున్నదే వాడండి. అమెరికాలో కొన్ని బంకుల్లో ఇథనాల్ లేని పెట్రోల్ దొరుకుతుంది, ఉప్పాడ వాళ్లకు లేని అదృష్టం అది.

ప్రశ్న (భీమిలి): ఒడ్డుకు వస్తుంటే అలకు బోటు తిరగబడి ఇంజన్ సముద్రంలో మునిగింది. బయటికి తీసి రెండు రోజులు ఎండబెట్టాం. అప్పటికే పట్టేసింది. ఈసారి ఇలా అయితే ఏం చేయాలి?

జవాబు: ఎండబెట్టడమే కొంప ముంచింది. ఉప్పునీళ్లలో ఉన్నప్పటికంటే బయటికి తీసి గాలి తగిలాకే తుప్పు పరుగెడుతుంది. తీసిన కొద్ది గంటల్లోనే పని పూర్తి చేయాలి. పై మూత తీసి ఇంజన్ అంతా మంచినీళ్లతో కడగండి. బ్యాటరీ ఉంటే ముందే విడదీయండి. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాలు కిందికి ఉండేలా వంచి, తాడు మెల్లగా లాగుతూ నీళ్లు బయటికి పంపండి. ఇసుక చేరినట్టు కరకరమంటే, లేదా గట్టిగా అడ్డుపడితే లాగడం అక్కడే ఆపేయండి. నడుస్తుండగా మునిగిన ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్డు వంగి ఉండొచ్చు, అది మెకానిక్ దగ్గరికే వెళ్లాలి. తేలిగ్గా తిరిగితే కార్బొరేటర్, ట్యాంకు ఖాళీ చేసి, సిలిండర్లలో ఆయిల్ పోసి తిప్పి, ఇంజన్ కాలును డ్రమ్ము నీళ్లలో దించి, ఆరిన ప్లగ్గులతో, కొత్త పెట్రోల్‌తో వెంటనే స్టార్ట్ చేయండి. అయ్యాక అందులోనే కనీసం అరగంట నడవనివ్వండి.

ఆ రోజే స్టార్ట్ చేసే వీలు లేకపోతే, విడ్డూరంగా అనిపించినా, ఇంజన్‌ను మంచినీళ్ల డ్రమ్ములో పూర్తిగా ముంచి ఉంచి, మెకానిక్ వచ్చాకే తీయండి. ఫోర్ స్ట్రోక్ అయితే లోపలి ఆయిల్ తెల్లగా మారి ఉంటుంది. తిప్పే ముందే దాన్ని తీసేసి కొత్తది పోయండి. కాసేపు నడిపి చూసి, తెలుపు పోయేదాకా మళ్లీ మళ్లీ మార్చండి.