చింతగింజలతో ఊపిరి లెక్క

ప్రశ్న: పలమనేరు దగ్గర పల్లెలో ఆశా కార్యకర్తను. బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం ట్రైనింగులో నేర్పారు. ఇంటికెళ్తే బిడ్డ ఏడుస్తుంది, నా లెక్క తప్పుతుంది. న్యుమోనియా అవునో కాదో చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది మేడం.

జవాబు: ఏడ్చే బిడ్డ దగ్గర తీసిన లెక్క చెల్లదమ్మా. పాలు తాగి కుదురుకునేదాకా కూర్చో. నిద్రపోతే మరీ మంచిది. చొక్కా పైకెత్తి, పొట్ట మీదే చూపు పెట్టి నిమిషం మొత్తం లెక్కపెట్టు. అర నిమిషం చూసి రెట్టింపు చేయొద్దు. పసిబిడ్డ ఊపిరి ఒకే తీరుగా ఉండదు.

తిరుపతిలో శిక్షణ ఇచ్చేటప్పుడు నేను గుప్పెడు చింతగింజలు పంచేదాన్ని. మొదట్లో నవ్వేవాళ్లు! 10 ఊపిర్లకు ఒక గింజ పక్కన పెట్టాలి. నిమిషంలో రెండు నెలల లోపు బిడ్డకు ఆరు గింజలు, ఏడాది లోపు ఐదు, ఐదేళ్ల లోపు నాలుగు పడితే ఊపిరి వేగంగా ఉన్నట్టే. రెండు నెలల లోపైతే మరోసారి లెక్కపెట్టు. అప్పుడూ ఎక్కువే ఉంటే ఆసుపత్రికే. మిగతా పిల్లలను ఆరోజే పీహెచ్‌సీలో చూపించు.

ఊపిరి లోపలికి తీసినప్పుడు డొక్కలు గుంజుకుపోతున్నా, పాలు తాగలేకపోయినా, ఫిట్స్ వచ్చినా గింజల జోలికి పోకు, 108కి ఫోన్ చెయ్.

అడగలేదు గానీ ఒక మాట: విరేచనాలు ఆగగానే తల్లులు జింకు మాత్రలు అటక మీద పడేస్తారు. 14 రోజులూ వేయించు.