ఆర్‌ఎన్‌ఏఐ మందుతో పందుల స్వైన్ ఫీవర్ ఆగుతుందా?

బొబ్బిలి వైపు పందులు పెంచేవారి ప్రశ్న ఇది. జవాబు: ప్రయోగశాలలో ఆగుతుంది, దొడ్డిలో వాడే మందుగా ఇంకా రాలేదు.

ఆర్‌ఎన్‌ఏఐ (ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్) అంటే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కతో జన్యువు పనిని ఆపడం. వైరస్ జన్యువులో ఒక ముక్కకు సరిపోయే 21–23 అక్షరాల (జన్యు సంకేతంలోని రసాయన అక్షరాలు) రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను కణంలోకి పంపుతారు. కణంలోని ‘రిస్క్’ అనే ప్రోటీన్ల సముదాయం అందులో ఒక పోగును ఉంచుకుని, దానికి జతపడే వైరస్ ఆర్‌ఎన్‌ఏను వెతికి కోసేస్తుంది. స్వైన్ ఫీవర్ రెండు రకాలు, క్లాసికల్, ఆఫ్రికన్; వాటి వైరస్‌లు వేరు. క్లాసికల్ స్వైన్ ఫీవర్ వైరస్ జన్యువే ఆర్‌ఎన్‌ఏ, సుమారు 12,300 అక్షరాలు, కాబట్టి దానికి నేరుగా గురిపెట్టొచ్చు. ఆఫ్రికన్ రకానిది డీఎన్‌ఏ. అక్కడ ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి డీఎన్‌ఏ నుంచి తీసే ఆర్‌ఎన్‌ఏ నకలు) మీదే దెబ్బ.

చిక్కంతా చేరవేతలో ఉంది. ఒట్టి ఆర్‌ఎన్‌ఏను సూదితో ఎక్కిస్తే రక్తంలోని ఎంజైములు నిమిషాల్లో ముక్కలు చేస్తాయి, మిగిలింది మూత్రంలో పోతుంది. కొవ్వు బుడగల్లో చుట్టి పంపినా ఎక్కువ భాగం కాలేయానికే చేరుతుంది. వైరస్ దాక్కునేదేమో మాక్రోఫేజుల్లో (క్రిముల్ని మింగే రక్షక కణాల్లో). పైగా గురి ఉన్నచోట ఒక్క అక్షరం మారినా వైరస్ తప్పించుకోవచ్చు. అందుకే మార్పులు తక్కువుండే రెండు మూడు చోట్ల ఒకేసారి గురిపెట్టాలి. 2018లో చైనా పరిశోధకులు ఈ ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే జన్యువునే పందిలో చొప్పించి, క్లాసికల్ రకాన్ని తట్టుకునే పందుల్ని పుట్టించారు. అది పెంపకందారు కొనే సీసా కాదు మరి.

ప్రస్తుతానికి క్లాసికల్ రకానికి టీకా వేయించండి. హోటల్ ఎంగిలిని అరగంట మరిగించి, చల్లార్చాకే పెట్టండి. కొత్త పందిని నెలరోజులు విడిగా కట్టండి.