సివిల్ చదివిన అమ్మాయికి డేటా సైన్సే దారా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది సివిల్ బీటెక్ పూర్తి చేసింది. గేట్ రాసి స్ట్రక్చరల్ ఇంజినీరింగులో ఎంటెక్ చేసి, భూకంపాలు, పేలుళ్ల వంటి విపరీత భారాలకు కాంక్రీటు ఫ్రేములు ఎలా తట్టుకుంటాయో చదువుతానంటోంది. ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామని మా ఆలోచన. రెంటిలో ఏది మేలు? - ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఏటా బీటెక్ ఫలితాలు రాగానే ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. పైకి అడిగేది కోర్సు గురించే అయినా, లోపలి దిగులు ఆడపిల్ల ఎండలో సైటు మీద నిలబడాలా అన్నదే. మీ అమ్మాయి కోరుకున్న పనిలో ఎక్కువ భాగం డిజైన్ ఆఫీసులో, కంప్యూటరు ముందే జరుగుతుంది. సైటు ముఖం చూడనివారు మంచి డిజైనర్లు కాలేరు కనుక కొన్నాళ్లు ఎండ తప్పదు. అది తెలిసే ఆమె అడుగుతోందని నా నమ్మకం.

ఆమెకు ఈ విషయంపై ఎందుకు మనసైందో ఒక్కసారైనా అడిగారా? ఒక పిల్లరు పోయినా భవనం నిలుస్తుందా అన్నది ఈ శాఖలో మొదటి ప్రశ్న. 1968లో లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తులో గ్యాస్ పేలి గోడ పలకలు ఊడిపోగా, ఆ మూల మొత్తం పైనుంచి కిందిదాకా కూలింది. అది పలకలు పేర్చిన కట్టడం. ఒక పలక పోతే దాని బరువును మరొకటి అందుకొనే దారి అందులో లేదు. చక్కగా కట్టిన కాంక్రీటు ఫ్రేములోనైతే, పిల్లరు పోయిన చోట దూలాలు మొదట కమానులా బిగుసుకుంటాయి. మరీ కుంగాక లోపలి కడ్డీలు తాడులా సాగి బరువును పక్క పిల్లర్లకు చేరుస్తాయి. దూలాలు పిల్లరుతో కలిసే కీలు దగ్గర కడ్డీలు తెగకుండా కొనసాగితేనే అది జరుగుతుంది. 2001 భుజ్ భూకంపానికి, 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాదులో, కింది అంతస్తును కార్ల కోసం గోడల్లేకుండా వదిలిన అపార్ట్‌మెంట్లు కూలాయి. అటువంటివి తిరుపతిలో ఎన్ని ఉన్నాయో మీరే చూస్తున్నారు.

ఇక డేటా సైన్సు. ఆ రంగంపై నాకు చిన్నచూపు లేదు, ఆరు నెలల్లో ఉద్యోగం ఖాయమన్న ప్రకటనలపైనే నా అనుమానం. ఇంటర్వ్యూలో గణాంకశాస్త్రం అడిగితే బిక్కమొహం వేసి, సర్టిఫికెట్టు పట్టుకొని నా దగ్గరికి తిరిగొచ్చిన పిల్లలు చాలామందే. మీ అమ్మాయి ఫ్రేముల విశ్లేషణలో పడితే ప్రోగ్రాములు రాయడం ఎలాగూ నేర్చుకుంటుంది. బెంగళూరులో బంధువుల అబ్బాయి జీతం చూసి, ఆమె నాలుగేళ్ల చదువును ఆరు నెలల కోర్సు ముందు తక్కువ చేయడం మీకు తగదు.

మొదటి జీతం సాఫ్ట్‌వేరు కంటే తక్కువగానే ఉండవచ్చు, దాచను. అయితే గేట్ అర్హతతో సీటు వస్తే నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం అందుతుంది, ఖర్చు కొంత తేలికవుతుంది. ఏర్పేడులో ఐఐటీ మీకు దగ్గరే. కట్టడాలపైనే పరిశోధించే జాతీయ సంస్థ చెన్నై తరమణిలో ఉంది.

ఈ ఆదివారం ఆమెను వెంటబెట్టుకొని, మీ ఊళ్లో పిల్లర్లకు కాంక్రీటు పోయబోతున్న ఏదైనా భవనం దగ్గరికి వెళ్లండి. పిల్లరు కడ్డీల చుట్టూ కట్టే రింగుల కొక్కేలను 135 డిగ్రీల దాకా వంచారా, 90 దగ్గరే ఆపేశారా అని ఆమె చూపించి చెబుతుంది. ఆ తేడా ఎందుకో కూడా ఆమెనే అడగండి.