అమెరికా కంటైనర్: ఐఎస్ఎఫ్ ఎవరు వేయాలి?

ప్రశ్న: మాది చీమకుర్తి. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ స్లాబులు పాలిష్ పెట్టి అమ్ముతాం. మా బావమరిది టెక్సాస్‌లో కిచెన్ గట్ల రాళ్ల షాపు పెట్టాడు. అతని పేరు మీద మొదటి కంటైనర్ చెన్నై నుంచి పంపుతున్నాం. ఐఎస్ఎఫ్ (ఇంపోర్టర్ సెక్యూరిటీ ఫైలింగ్, అంటే సరుకు వివరాలు అమెరికా కస్టమ్స్‌కి ముందే ఇవ్వడం) వేయకపోతే 5,000 డాలర్ల ఫైన్ అని ఎవరో చెప్పారట, రాత్రి నుంచి ఒకటే టెన్షన్. అది నేను వేయాలా, అతనా? షిప్పింగ్ బిల్లు మా ఏజెంటు చూస్తున్నాడు.

జవాబు: అతనేనండి. షిప్పింగ్ బిల్లు అనే ఎగుమతి పత్రం మన కస్టమ్స్‌కి, ఐఎస్ఎఫ్ అమెరికా కస్టమ్స్‌కి, ఒకటి వేస్తే రెండోది అయిపోదు. ఐఎస్ఎఫ్‌నే టెన్ ప్లస్ టూ అంటారు: పది వివరాలు దిగుమతిదారు ఇవ్వాలి, రెండు ఓడ కంపెనీ ఇస్తుంది. 2009 జనవరి నుంచి ఉన్న రూలే. అక్కడ లైసెన్సున్న కస్టమ్స్ బ్రోకర్‌ని పెట్టుకుంటే ఫైలింగ్, బాండు (కస్టమ్స్‌కి కట్టాల్సినవి కడతామనే హామీ పత్రం) రెండూ ఆయనే చూస్తాడు.

అలాగని మీరు చేతులు దులుపుకోవద్దు. అమ్మినవాళ్లెవరు, తయారుచేసినవాళ్లెవరు, ఏ దేశపు సరుకు, కంటైనర్ ఎక్కడ నింపారు, ఎవరు నింపించారు, ఇవన్నీ మీ దగ్గరే ఉంటాయి, మీరు చెప్పకపోతే టెక్సాస్‌లో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తాయి? మీ షెడ్డులోనే నింపితే ఆ చిరునామా, చెన్నైలో నింపిస్తే అక్కడి గోడౌన్ చిరునామా ఇవ్వాలి. సరుకు ఏ రకమో చెప్పే హెచ్ఎస్ కోడ్ ఆరంకెలు చాలు. పాలిష్ పెట్టిన గ్రానైట్‌కి 6802.93, ఊరికే కోసిన పలకైతే 6802.23. చాలామంది ఇక్కడే తప్పు రాస్తారు, కోడ్ బ్రోకర్‌తో ఒకసారి సరిచూసుకోమనండి.

గడువు 24 గంటలు. ఓడ బయల్దేరడానికి కాదు, కంటైనర్ ఓడెక్కడానికి ముందు. నింపిన చోటు, నింపించినవాళ్లు అనే రెండు వివరాలకు మాత్రం ఓడ అమెరికా రేవు చేరడానికి 24 గంటల ముందు దాకా టైముంది. కొలంబోలో ఓడ మారితే అమెరికా వెళ్లే ఆ ఓడను బట్టే లెక్క. అయినా ఆ ధీమాతో ఉండొద్దు, లారీ మీ గేటు దాటకముందే అన్నీ పంపేయండి.

అన్నిటికన్నా ముఖ్యం బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకుకి ఇచ్చే రసీదు) నంబరు. ఒకసారి నేను చూసిన గ్రానైట్ లోడులో హౌస్ బిల్లు (రవాణా ఏజెంటు ఇచ్చేది) నంబరు బదులు మాస్టర్ బిల్లు (ఓడ కంపెనీ ఇచ్చేది) నంబరు ఇచ్చారు. టైముకే ఫైల్ చేసినా ఓడ కంపెనీ లెక్కతో కలవలేదు, సరుకు అక్కడ ఆగింది, రేవు అద్దె మీద పడింది. అది చూశాక ఆ నంబరు రెండుసార్లు చదివించుకోకుండా నేను వదలను. పొరపాటు దొరికితే ఓడ అక్కడికి చేరేలోపు దిద్దించుకోవచ్చు.

ప్రశ్న: నెల్లూరు నుంచి రొయ్యల శాంపిళ్లు విమానంలో పంపుతున్నాం. మాకూ ఇది కావాలా?

జవాబు: అక్కర్లేదు, ఇది ఓడ సరుకుకే. రేపు ఫ్రీజర్ కంటైనర్ పంపేటప్పుడు మాత్రం పైనదంతా మీకూ వర్తిస్తుంది.