1541 డ్రైవు డిస్కులు చదవకపోతే: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పెన్సిల్వేనియాలో నువ్వు కొన్న కమొడోర్ 64 (1980లనాటి ఇంటి కంప్యూటరు) చక్కగా పనిచేస్తోందనీ, దానితో వచ్చిన 1541 ఫ్లాపీ డ్రైవు మాత్రం డిస్కులు చదవడం లేదనీ, అందుకని పెట్టె విప్పి హెడ్ అలైన్‌మెంట్ (డిస్కు మీది డేటా వలయాలకు, అంటే ట్రాకులకు, చదివే హెడ్ సరిగ్గా ఎదురుగా ఉండే అమరిక) సరిచేయబోతున్నాననీ రాశావు. దయచేసి ఆ స్క్రూల జోలికి ఇప్పుడే వెళ్లకు. ఒకసారి కదిపితే మళ్లీ పాత చోటికి తేవడం చాలా కష్టం. పైగా ఇలాంటి డ్రైవుల్లో లోపం చాలాసార్లు కరెంటులోనో, కేబుల్లోనో, హెడ్‌కు పట్టిన మురికిలోనో ఉంటుంది.

1982లో వచ్చిన ఈ డ్రైవుకు సొంత 6502 ప్రాసెసరు, 2 కిలోబైట్ల ర్యామ్ ఉన్నాయి కనుక తన బాధ తానే చెప్పుకోగలదు. ముందు డిస్కు పెట్టకుండా స్విచ్ వెయ్యి. ఎర్ర దీపం వెలిగి, మోటారు కాసేపు తిరిగి, రెండూ ఆగిపోవాలి. దీపం ఆరకుండా, మోటారు అదే పనిగా తిరుగుతూ ఉంటే ప్రాసెసరు పనే మొదలుపెట్టలేదన్నమాట. అప్పుడు 5, 12 వోల్టుల సరఫరాలను, తరువాత సాకెట్లలోని చిప్పులను చూడాలి తప్ప హెడ్‌ను కాదు.

ఆ తరువాత డిస్కు పెట్టి డైరెక్టరీ (డిస్కులోని ఫైళ్ల జాబితా) అడుగు. తెర మీద ‘డివైస్ నాట్ ప్రెజెంట్’ అని వస్తే డ్రైవు అసలు జవాబే ఇవ్వలేదని అర్థం. ఆరు పిన్నుల సీరియల్ కేబుల్ సరిగా కూర్చుందా, పాత యజమాని బోర్డు మీది జంపరు (చిన్న తీగ కలయిక) కోసి, కంప్యూటరు డ్రైవును పిలిచే 8వ నంబరును 9గా మార్చాడా, అదే వరుసలో స్విచ్ వెయ్యని ప్రింటరు ఏదైనా తగిలించి ఉందా అన్నవి చూసుకో. కేబుల్ పెట్టినా తీసినా రెండు యంత్రాలూ ఆపి ఉండాలి, లేకపోతే కంప్యూటర్లోని 6526 చిప్పు పోయే ప్రమాదం ఉంది. అలా కాకుండా ఎర్ర దీపం ఆరి వెలుగుతూ ఉంటే అది శుభవార్తే: కేబుల్ బాగుంది, డ్రైవు ఏదో చెబుతోంది.

దాని మాట వినడానికి 15వ చానెల్ (డ్రైవు తన స్థితి చెప్పే దారి) తెరిచి, అందులోంచి నాలుగు విలువలు చదివి ముద్రించే చిన్న బేసిక్ ప్రోగ్రాం చాలు. చదివే ఆజ్ఞ నేరుగా టైపు చేస్తే పనిచేయదు కనుక లైను నంబర్లు తప్పనిసరి. మొదటి విలువగా 73 వస్తే కంగారుపడకు, స్విచ్ వేశాక డ్రైవు చేసే పలకరింపు అది. 21 అంటే డిస్కు మీద సింక్ గుర్తులు (డేటా ఎక్కడ మొదలవుతుందో చెప్పేవి) కనబడలేదని, 23 అంటే డేటా దొరికినా చెక్‌సమ్ (డేటా సరిగా ఉందో లేదో సరిచూసే లెక్క) కుదరలేదని. ఈ రెండింటికీ మురికి హెడ్ కారణం కావచ్చు.

ఏ డిస్కునైనా లోపల పెట్టే ముందు దాని కిటికీని (కవరులోంచి డిస్కు కనిపించే సందును) వెలుతురులో ఏటవాలుగా పట్టి, మధ్య రంధ్రంలో వేళ్లుపెట్టి మెల్లగా తిప్పుతూ చూడు. నిగనిగలాడే గోధుమరంగు మీద తెల్లటి మసక మచ్చలు కనిపిస్తే అది బూజు. అలాంటి ఒక్క డిస్కు చాలు, హెడ్‌కు పొర పట్టి, తరువాత పెట్టిన మంచి డిస్కులను కూడా గీసి పాడుచేస్తుంది. శుభ్రం చేయడానికి ప్లగ్గు పీకి మూత తీయి, ఎందుకంటే ఈ పాత నమూనాలో ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఉంటుంది. హెడ్ కింద ఉంటుంది, దాని మీద నొక్కే ఫెల్టు ముక్క ఉన్న చేతిని కొద్దిగా మాత్రమే ఎత్తి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో, గోధుమరంగు అంటడం ఆగేదాకా సున్నితంగా తుడువు. హెడ్ జరిగే రెండు ఉక్కు కడ్డీలను కూడా తుడిచి, పలుచని మెషీన్ నూనె ఒక్క చుక్క రాస్తే చాలు.

ఫార్మాట్ చేసేటప్పుడు వచ్చే టకటక శబ్దానికి భయపడకు. మొదటి ట్రాకును గుర్తించే సెన్సర్ లేనందువల్ల హెడ్ అడ్డుకు కొట్టుకుంటుంది. అలైన్‌మెంట్ తప్పిందని అనుమానించవలసిన సందర్భం ఒకటే: తాను ఫార్మాట్ చేసిన డిస్కును బాగా చదువుతూ, ఇతర డ్రైవుల్లో రాసిన డిస్కులను, శుభ్రం చేశాక కూడా, చదవకపోవడం. అప్పుడు నాకు రాయి.

వేసవికి దాన్ని విజయవాడ తెస్తానన్నావు కదా. అది అమెరికాలోని 120 వోల్టులకు చేసినది, ఇక్కడి 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే కాలిపోతుంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. నిమిషానికి 300 చుట్లు తిరిగే మోటారు డీసీది కనుక 50 హెర్ట్జ్ వల్ల దాని వేగం మారదు గానీ, 60 హెర్ట్జ్‌కు చేసిన లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మరింత వేడెక్కుతుంది. అందుకని డ్రైవును కంప్యూటరు మీద పెట్టకు, పైనున్న గాలి రంధ్రాలను దేనితోనూ మూయకు.