పింగాణీ స్టూడియో: బట్టీ కొనడం చివరి మెట్టు

ప్రశ్న: మా అమ్మాయి బీఎఫ్‌ఏలో శిల్పం చదివింది. పుదుచ్చేరిలో రెండు నెలలు మట్టిపని నేర్చుకుని వచ్చి, సొంతంగా పింగాణీ స్టూడియో పెడతానంటోంది. బట్టీకి, షెడ్డుకి 12 లక్షలు అడుగుతోంది. అది ఆమె పెళ్లికని డిపాజిట్ చేసిన డబ్బు. ఇవ్వమంటారా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఎంచుకున్నది మంచి పని. ఆమెను వెనక్కి లాగకండి. కానీ బట్టీకి మాత్రం ఇప్పుడే డబ్బివ్వద్దు.

మనం మెరిసే గిన్నెలన్నిటినీ పింగాణీ అనేస్తాం. మన ఇళ్లలో ఆవకాయ పెట్టే జాడీ నిజానికి చాలావరకు స్టోన్‌వేరే, అంటే వెలుతురు దాటనివ్వని, ఎక్కువ వేడికి కాల్చిన గట్టి మట్టి. అసలు పింగాణీలో దాదాపు సగం తెల్లటి చైనా క్లే, మిగతాది ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్. 1,280 డిగ్రీలు దాటాక అది గాజులా బిగుస్తుంది. పలుచగా చేస్తే గోడలోంచి వెలుతురు కనిపిస్తుంది. ఆ అందం ఊరికే రాదు. ఈ మట్టికి సాగే గుణం తక్కువ, సారె మీద ఒక పట్టాన మాట వినదు. ఆరి, కాలేసరికి ఎనిమిదో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కుంచించుకుపోతుంది. చేసేటప్పుడు వంగిన అంచును సరిచేసినా, బట్టీలో మళ్లీ అటే వంగుతుంది. అందుకే చాలామంది కొన్నేళ్లు స్టోన్‌వేర్ చేశాకే దీనికి వస్తారు. రెండు నెలల్లో ముద్దను సారె నడిమికి తేవడం వస్తుంది, అంతే.

కాబట్టి ముందు ఒకటి రెండేళ్లు, పని జరిగే స్టూడియోలో సహాయకురాలిగా చేరమనండి. మట్టి కలపడం, గ్లేజ్ (పైన మెరిసే గాజులాంటి పూత) తూచడం, బట్టీ నింపడం, పగుళ్లకు కారణం వెతకడం అక్కడే వస్తాయి. పుదుచ్చేరిలో రే మీకర్, డెబోరా స్మిత్ 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. అక్కడ నేర్చుకున్న ఎంతోమంది తర్వాత సొంత స్టూడియోలు పెట్టుకున్నారు. ఆ చుట్టుపక్కలే అడగమనండి. చదువే కావాలంటే అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) సిరామిక్ అండ్ గ్లాస్ డిజైన్ ఎం.డిజైన్ ఉంది, దానికి డాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మన గూడూరులో ప్రభుత్వ సిరామిక్ డిప్లొమా కాలేజీ ఉంది కానీ, అది పరిశ్రమల కోసం ఇంజినీరింగ్ చదువు.

లూసీ రీ గురించి మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. వియన్నాలో మట్టిపాత్రల కళాకారిణిగా పేరు తెచ్చుకున్న ఆవిడ నాజీల నుంచి తప్పించుకుని 1938లో లండన్ చేరారు. అక్కడ ఆమె పని తెలిసినవాళ్లు చాలా తక్కువ. యుద్ధకాలంలో ఫ్యాషన్ దుకాణాలకు సిరామిక్ బొత్తాలు చేసి బతికారు. తర్వాత కప్పులు, సాసర్లు అమ్మారు. ఇవాళ మ్యూజియంలలో ఉన్న ఆ పలుచటి పింగాణీ గిన్నెలు వచ్చింది బొత్తాలతో నిలబడిన ఆ స్టూడియోలోంచే. మీ అమ్మాయికి ఆ బొత్తాలు ఏమిటి? చెవిదుద్దులా, అల్మారా పిడులా, పిల్లలకు వారాంతపు క్లాసులా? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే షెడ్డు.

మొదటి వస్తువులను తెలిసినవాళ్ల బట్టీలో, కాల్పు ఛార్జీ ఇచ్చి కాల్పించుకోవచ్చు. ధర కట్టడం అప్పుడే అలవాటవుతుంది. 20 కప్పులు పెడితే 14 బాగా వచ్చాయనుకోండి, పగిలిన ఆరింటి ఖర్చూ ఆ 14 మీదే వేయాలి. కాల్పులు రెండు: ముందు పచ్చి కప్పును కాల్చాలి, గ్లేజ్ పూశాక మళ్లీ కాల్చాలి. చాలామంది రెండో కాల్పును, తమ కూలిని లెక్కలో మరిచిపోయి నష్టపోతారు.

తల్లిగా మీరు గట్టిగా పట్టుబట్టాల్సింది దుమ్ము విషయంలో. ఎండిన మట్టిలోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పొడి చీపురు వద్దు, నేలను తడిగుడ్డతోనే తుడవాలి. పొడులు కలిపేటప్పుడు మంచి మాస్క్ పెట్టుకోవాలి.

డిపాజిట్‌లోంచి ఇప్పుడు తీయాల్సింది ఏడాది శిక్షణకు, గది అద్దెకు సరిపడేంత. మిగతాది కదపకండి. ఆరు నెలల పాటు తన వస్తువులు అమ్మిన లెక్కల పుస్తకం ఆమె మీ ముందు పెట్టిన రోజున బట్టీ గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.