చెల్లి పడితే నవ్వుతున్నాడు, వీడికి జాలి లేదా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఏడాదిన్నర. పాప కిందపడి ఏడిస్తే వాడు నవ్వుతడు. కోపమొస్తే కొడతడు. రోజూ పండుకునే ముందు నీతికథ చదివి ‘ఏం నేర్చుకున్నవ్?’ అని అడుగుతున్న. లేచి ఉరుకుతడు. మా అత్తమ్మ ‘వీనికి జాలే లేదు’ అంటది. ఏం చేయాలె?

జవాబు: నవ్వినంత మాత్రాన జాలి లేదని కాదమ్మా. దబ్బున పడ్డ చప్పుడు వాడికి తమాషా. తనకు తెలిసింది ఎదుటివాళ్లకు తెలియకపోవచ్చన్న సంగతి పిల్లలకు దాదాపు నాలుగేళ్లప్పుడే అందడం మొదలవుతుంది. మీవాడు ఆ గడప మీదే ఉన్నాడు.

చిక్కంతా మీ ప్రశ్నలో ఉంది. ‘ఏం నేర్చుకున్నవ్’ అనగానే కథ పరీక్ష అయిపోతుంది. పైగా ‘నువ్వూ గిట్లనే చేసినవ్ కదా’ అన్నారంటే ఇక పుస్తకం కనబడితేనే తప్పించుకుంటాడు. నీతి వదిలేసి, బొమ్మలో ముఖం దగ్గర ఆగండి.

పన్నెండు, పదహారు పేజీల పుస్తకం, పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉన్నది, ముఖాలు పెద్దగా గీసినది చూసుకోండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితమే; ఫోన్లో చదివేటప్పుడు మెసేజ్‌ల చప్పుడు మాత్రం ఆపేయండి. ఒకే పుస్తకం ఐదారు రోజులు చదవండి. విసుగు మీకే, వాడికి కాదు. ‘తర్వాత ఏమైంది’ అన్న ఆత్రం తీరాకే చూపు ముఖాల మీదికి పోతుంది.

సంతలో తప్పిపోయిన మేకపిల్ల కథ అనుకోండి. తల్లిమేక చెట్టు వెనక ఉన్నట్టు బొమ్మలో మనకు కనబడుతుంది. అక్కడ ఆగి, ‘తల్లి ఏడున్నదో పిల్లకు ఎరుకేనా?’ అనండి. మనసులో ఐదు లెక్కపెట్టేదాకా నోరు మెదపొద్దు. చాలామంది ఇక్కడే ఓపిక పట్టలేక జవాబు తామే చెప్పేస్తారు. వాడు ‘ఎరుకే’ అంటే తప్పనకండి. ‘నీకు కనబడుతుంది. అది అటు తిరిగి నిలబడ్డది కదా’ అంటూ దాని కళ్లు వేలితో చూపండి. ఆ తర్వాత ‘దానికెట్లున్నది?’ అని. పుస్తకంలో ‘విచారం’ అని ఉంటే ఇంటి మాటలోకి మార్చండి: బుగులైంది, రంది పడుతుంది, అలిగింది. విచారం వాడు విని ఉండడు. బుగులు మాత్రం రాత్రి కరెంటు పోతే వాడికే పుడుతుంది. ‘నీకెప్పుడు బుగులైంది?’ అని అడిగి, వాడి గోడు ముందు వినండి. కథకు ఇలాంటి ఆగుళ్లు రెండు చాలు, మొత్తం పది నిమిషాలు. మధ్యలో ఉరికితే పోనివ్వండి, మీరు పాపకు చదువుతూ ఉండండి. వాడొచ్చి కూర్చుంటే ‘చెల్లికి ఏ బొమ్మ నచ్చిందో దాని మొఖం చూసి చెప్పు’ అనండి.

కొట్టిన క్షణంలో కథ ఎత్తొద్దు. చెయ్యి పట్టుకొని ‘కొట్టనియ్య’ అని, ముందు పాపను ఎత్తుకోండి. సారీ చెప్పమని బలవంతం కూడా వద్దు, చెల్లి దెబ్బకు అద్దను తడిగుడ్డ తెమ్మనండి.

చెల్లినో జంతువులనో పదేపదే గాయపరుస్తున్నా, పిలిస్తే పలకకపోయినా, మాటలు వయసుకు తగ్గట్టు లేకపోయినా నల్లగొండలో పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక మీ అత్తమ్మ. వాడు వింటుండగా ఆ మాట అనొద్దని మెల్లగా చెప్పి, వారంలో రెండు రాత్రులు పుస్తకం ఆమె చేతికే ఇవ్వండి. చదువు రాకున్నా ఏం కాదు, బొమ్మలు చూసి తన కథ తానే చెప్పమనండి.